ఆట పాత్రలకు కథ తెలిస్తే

సంపాదకులకు నమస్కారం.

పత్రికల్లో వీడియో గేమ్‌ల మీద వచ్చే వ్యాసాలు చాలావరకు వ్యసనం, హింస దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ గేమ్‌లలో ఎంత మంచి రచన ఉందో రాసేవారు తక్కువ.

నేను పిల్లలతో నాటకాలు వేయించే టీచర్ని. పాత్ర ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడటం నాకు కొత్త కాదు. అయినా 2015లో టోబీ ఫాక్స్ చేసిన ‘అండర్‌టేల్’ అనే గేమ్ నన్ను కదిలించింది. మొదట్లో మనల్ని తల్లిలా చూసుకునే టోరియెల్, బయటికి పోనివ్వకుండా అడ్డుపడుతుంది. ఆమెను చంపేసి, మనసొప్పక పాత సేవ్‌కి, అంటే ముందు దాచుకున్న ఆట దశకి వెళ్లి, ఈసారి ప్రాణాలతో వదిలేశామనుకోండి. గేమ్ ఆడేవాళ్లు మామూలుగా చేసే పనే అది. కానీ తర్వాత ఎదురయ్యే ఫ్లోవీ అనే పువ్వు, నువ్వేం చేశావో నాకు తెలుసంటూ నిలదీస్తుంది. మనం చెరిపేశామనుకున్నది దానికి గుర్తుంది! నాటకం ప్రేక్షకుణ్ణి ఇలా బోనెక్కించలేదు, కుర్చీలో కూర్చున్నవాడు చేసిందేమీ ఉండదు కాబట్టి.

1998 నాటి ‘మెటల్ గేర్ సాలిడ్’లో సైకో మాంటిస్ అనే విలన్ కూడా ఇలాంటివాడే. మన ఆటలు దాచుకునే మెమరీ కార్డులో, ఆ గేమ్ చేసిన కొనామీ సంస్థవే వేరే ఆటల సేవ్‌లుంటే వాటి పేర్లు చెప్పేస్తాడు.

అయితే ఇదంతా ఆటే కదా అని అడుగడుగునా గుర్తుచేసే పాత్రలంటే నాకు విసుగు. ఆ ఎరుక ఆటగాడి చేతిని ఒక్క క్షణమైనా ఆపాలి.

సినిమా సమీక్షల పక్కన నెలకో గేమ్‌కి చోటివ్వండి. కథనూ సంభాషణలనూ తూచి రాయగలవారికి ఆ పని అప్పగించండి.

— ఒక నాటకాల టీచరు