మన గిఫ్ట్ కార్డుల సంగతి

మన షాపు గిఫ్ట్ కార్డు ఒక రోజు పనిచేసి మరో రోజు చెల్లకపోవడం, ఇక్కడ చెల్లిన కార్డు రెండో బ్రాంచిలో చెల్లకపోవడం కొన్నాళ్లుగా మీలో చాలామందికి ఎదురైంది. కొందరు కౌంటర్ దగ్గరే మొహం మీద అనేశారు. కొందరు ఏమీ అనకుండా రావడం మానేశారు. అన్నవాళ్లతో నాకు ఏ ఇబ్బందీ లేదు. మానేసినవాళ్ల గురించే బాధ.

ముందు అసలు మాట చెప్పేస్తాను. మీ దగ్గర మన షాపు పాత కార్డు ఏది ఉన్నా, అందులో మిగిలినదంతా మీదే. వెనక ముద్రించిన గడువు దాటిపోయినా సరే, తీసుకుంటాం. తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

తీరిక ఉన్నవాళ్లకు జరిగింది చెబుతాను. కార్డులో డబ్బు ఉండదు. ఒక నంబరు, గీకితే బయటపడే పిన్, అంతే. మీరు కొన్నప్పుడు మా బిల్లింగ్ మిషన్ ఆ నంబరును కార్డు కంపెనీ సర్వర్‌కు పంపి యాక్టివేట్ చేయిస్తుంది. వాడిన ప్రతిసారీ బ్యాలెన్స్ ఎంతుందని ఆ సర్వర్‌నే అడుగుతుంది. కార్డు మీద పేరు మాది, లెక్క మాత్రం వాళ్ల దగ్గర. ఈ మధ్య ఆ కంపెనీ తన సిస్టమ్ మొత్తం మార్చింది. మార్చేముందు మాకొక మెయిల్ పంపింది, మీకు ఎలాంటి అంతరాయమూ ఉండదని. ఆ మెయిల్ ఇంకా దాచుకున్నాను.

పాత కార్డుల్లో కొన్ని నంబర్లు కొత్త సిస్టమ్‌లోకి ఎక్కనే లేదు. అలాంటి కార్డు గీకితే మిషన్ నేరుగా ‘కార్డు లేదు’ అంటుంది. ఇది కొంత నయం, కనీసం ఏం జరిగిందో తెలుస్తుంది. రెండో రకమే మమ్మల్ని ఏడిపించింది. మిషన్ తెర మీద చిన్న చక్రం తిరుగుతూ తిరుగుతూ, చివరికి ‘సమాధానం లేదు’ అని ఆగిపోతుంది. కౌంటర్‌లో కుర్రాడు పని జరగలేదనుకుని మళ్లీ గీకుతాడు. అవతల సర్వర్ మొదటిసారే డబ్బు కోసేసింది, ఆ కబురు మాదాకా రాలేదు, అంతే. రెండోసారికి ‘బ్యాలెన్స్ చాలదు’ అని వస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇది మోసంలాగే కనిపిస్తుంది. కనిపించదా మరి? కోసిన డబ్బు దానంతట అదే వెనక్కి పడాలి. పడలేదు.

పుట్టినరోజుకు కార్డు అందుకున్న ఒక పాప రంగుల పెట్టె ఎంచుకుని, డబ్బు తనే ఇస్తానని మునివేళ్ల మీద లేచి కార్డు కౌంటర్ మీద పెట్టింది. చక్రం తిరిగింది. వెనక లైను పెరిగింది. వాళ్ల నాన్నగారు ఒక్క మాట అనకుండా జేబులోంచి డబ్బు తీసి కట్టేశారు. పాప మాత్రం కార్డు వెనక్కి తీసుకోలేదు, “ఇచ్చేశాను కదా” అంది. నేను అక్కడే ఉన్నాను. ఆయన నన్ను నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.

కార్డు కంపెనీకి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే పాట: “టికెట్ రైజ్ చేశాం సార్, టెక్నికల్ టీమ్ చూస్తోంది సార్.” ఆ టీమ్‌తో మాట్లాడించమంటే కుదరదు సార్. వాళ్ల మేనేజర్ ఒకాయన, మీ సిబ్బందికి ట్రైనింగ్ అవసరమేమో అన్నాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి మీ చేత మాటలు పడింది మా పిల్లలు. వాళ్లకు ట్రైనింగా! ఆ రోజు ఫోన్‌లో నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. వాళ్లతో ఒప్పందం ఇక కొనసాగించడం లేదు. తర్వాత తక్కువ రేటుకు కొత్త ప్లాన్ ఇస్తామని వచ్చారు. ఉచితంగా ఇచ్చినా నాకక్కర్లేదు.

రెండో బ్రాంచి సంగతి వేరు. దాన్ని నడిపేది మా భాగస్వామి, ఆయన లెక్కలు ఆయనవే. మీరు కార్డు ఇక్కడ కొంటే డబ్బు నా దగ్గరికి వస్తుంది. అక్కడ వాడితే సరుకు ఆయన అరలోంచి పోతుంది. మధ్యలో కార్డు కంపెనీ నెలనెలా లెక్క తేల్చి ఎవరిది వాళ్లకు సర్దేది. పేరు ఒకటే ఉన్న చాలా షాపుల్లో ఒకచోటి కార్డు ఇంకోచోట తీసుకోకపోవడానికి కారణం ఇలాంటిదే. బోర్డు ఒకటే అయినా గల్లాపెట్టెలు వేరు. ఆ సర్దుబాటు ఆగిపోగానే ఆయన కార్డులు తీసుకోవడం ఆపేశారు. ఆయనది తప్పనలేను. నాకు ముందుగా ఒక్క ఫోన్ చేయాల్సింది, అంతే. ఇప్పుడు వారం వారం నేనే లెక్క చూసి ఆయనకు కట్టేస్తున్నాను కాబట్టి అక్కడ కూడా మీ కార్డు చెల్లుతుంది.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయం. సర్వర్ లెక్క నమ్మడానికి లేదు కదా, మరి ఎవరి లెక్క నమ్మాలి? మా ఆడిటర్ గారు, కంపెనీ జాబితాలో ఉన్నంతే ఇవ్వండి, మిగతాది వాళ్లతో తేల్చుకోమనండి అన్నారు. కాగితం మీద అది సరైన సలహానే. కానీ మీరు డబ్బిచ్చింది నాకు. ఆ కంపెనీ పేరు కూడా మీకు తెలియదు. పోనీ, మీరు చెప్పిందే లెక్క అని ఇచ్చేద్దామా అంటే, ఏళ్లుగా వస్తున్న మీ మీద అనుమానం లేదు కానీ, ఈ సంగతి విని కొత్తగా వచ్చేవాళ్లు కూడా ఉంటారు. అలాగని ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి ప్రశ్నలు వేయడం నావల్ల కాదు. ఇటు మొగ్గి అటు మొగ్గి, ఇంట్లోవాళ్లు విసుక్కునేదాకా ఆలోచించాను.

చివరికి దారి మా బిల్లుల్లోనే దొరికింది. కార్డు అమ్మినప్పుడు, వాడినప్పుడు ఇచ్చే ప్రతి బిల్లు మీదా ఆ కార్డు చివరి నాలుగు అంకెలు పడతాయి. షాపు మూసేశాక నేనూ మా ఆవిడా కూర్చుని ఆ బిల్లుల కాపీలన్నీ తీసి, పెద్ద పుస్తకంలో కార్డు వారీగా రాశాం. ఒకే నాలుగు అంకెలు రెండు కార్డులకు పడితే అమ్మిన తేదీ చూసి విడదీశాం. ఇప్పుడు మన లెక్క ఇదే. మీ దగ్గర బిల్లు ఉండి, దానికీ పుస్తకానికీ తేడా వస్తే మీ బిల్లే ఖాయం. బిల్లు లేకపోతే పుస్తకంలో ఉన్నది ఇస్తాం. కంపెనీ జాబితా ఏమంటుందో ఇక చూడం.

ఇంకో మాట. కార్డులు ఆగేసరికి షాపు ఎత్తేస్తున్నారటగా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మనసుకు గుచ్చుకుంది కానీ, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. బొమ్మల వ్యాపారంలో అంత పెద్దదైన టాయ్స్ ఆర్ అస్, 2018 మార్చిలో అమెరికాలో దుకాణాలు మూసేస్తున్నామని ప్రకటించినప్పుడు గిఫ్ట్ కార్డులు ఇంకో 30 రోజులే తీసుకుంటామంది. షాపు దివాలా తీస్తే కార్డు చేతిలో ఉన్నవాళ్లు మామూలుగా అప్పులవాళ్ల వరుసలో ఎక్కడో వెనక ఉంటారు. కార్డు అమ్మిన డబ్బు, సరుకు ఇచ్చేదాకా షాపుకు అప్పే, ఆదాయం కాదు. కొన్ని చోట్ల జనం వాడకుండా వదిలేసిన బ్యాలెన్స్ మీదే లాభం చూసుకుంటారు. నేను ఆ డబ్బు మొదటినుంచీ వేరే ఖాతాలో ఉంచాను, అది అలాగే ఉంది. షాపు ఎక్కడికీ పోవడం లేదు.

కొత్త కార్డులు ప్రస్తుతానికి అమ్మం. బదులుగా వరుస నంబరు, మా ముద్ర, నా సంతకం ఉన్న కాగితం కూపన్ ఇస్తాం. కార్డంత అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని చెల్లదనడానికి మధ్యలో ఎవడూ ఉండడు. కొంత వాడితే మిగిలింది వెనకవైపు రాసి సంతకం పెట్టి ఇస్తాం. పారేసుకోకండి.

బ్యాలెన్స్ మారుస్తామంటూ ఎవరైనా ఫోన్ చేసి పిన్ అడిగితే చెప్పకండి. మేం ఎవరికీ ఫోన్ చేయడం లేదు. కార్డు పట్టుకుని షాపుకు రండి, చాలు. పుస్తకం నా టేబుల్ దగ్గరే ఉంటుంది. ఆదివారం సాయంత్రం రద్దీలో వెతకడానికి టైమ్ పడుతుంది, మామూలు రోజుల్లో ఉదయం పూట వస్తే పని త్వరగా అయిపోతుంది.