హెడ్‌ఫోన్లు కొనే బస్సు ప్రయాణికుల కోసం

సంపాదకులకు నమస్కారం.

పండుగ తగ్గింపుల వేళ వచ్చే హెడ్‌ఫోన్ల ప్రకటనలు చాలావరకు ‘బాస్’ (మంద్ర ధ్వని) ఎంత గట్టిగా ఉంటుందో చెబుతాయి. బయటి రొద ఎంత ఆగుతుందో చెప్పేవి తక్కువ. కడప నుంచి ఎర్రగుంట్లకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లివచ్చే నాలాంటివారికి ముందుగా తెలియవలసింది అదే.

కమలాపురంలో ఎక్కే విద్యార్థులు చాలామంది చెవి అంచున వదులుగా నిలిచే చవక ఇయర్‌ఫోన్లే వాడతారు. ఇంజిను హోరు, బిగువు తప్పిన కిటికీ అద్దాల గలగల సందుల్లోంచి నేరుగా లోపలికి వెళతాయి. వాటిని మించి వినపడాలని పిల్లలు శబ్దం పెంచుతారు. పక్క సీట్లో ఉన్న నాకు పాట చరణం మాటతో సహా తెలుస్తుంది. పెద్దలు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. అంటే 86 దగ్గర మిగిలేది 10 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు చనిపోతే మళ్లీ పుట్టవు. ఆ పిల్లలను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

అందుకే చెవి మొత్తాన్ని కప్పి, చెవి గిన్నెల వెనుకవైపు (బయటి వైపు) మూసి ఉండే పెద్ద హెడ్‌ఫోన్లు కొనమంటాను. నేను ఎక్కువగా వినేది వీణ. ఆలాపన మొదట్లోని సన్నని గమకం బస్సులో వినపడాలంటే శబ్దం పెంచాలి, లేదా రొదను ఆపాలి. రెండోదే చెవికి మేలు.

డబ్బు పరిమితమైనప్పుడు దాన్ని చెవికి ఆనే మెత్తల మీద పెట్టాలి. ఎదురు ధ్వని పుట్టించి రొదను తగ్గించే ‘నాయిస్ క్యాన్సిలింగ్’ ఇంజిను హోరు లాంటి ఎడతెగని మంద్ర ధ్వనిని బాగా తగ్గిస్తుంది. హారన్లను, వెనక సీటు మాటలను అంతగా ఆపలేదు. చెవి చుట్టూ సందు లేకుండా ఆనిన మెత్త ఆ మాటలనూ తగ్గిస్తుంది, ఛార్జింగూ అడగదు.

దుకాణంలో పాట పెట్టకముందే తలకు తగిలించుకుని, పక్కన ఎవరినైనా మాట్లాడమనండి. దవడ కదిపి చూడండి. కళ్లజోడు కాడ దగ్గర మెత్త లేచి సందు వస్తుందేమో వేలితో తడమండి. ఆడవాళ్లు రోజూ పెట్టుకునే కమ్మలతోనే పరీక్షించాలి. మెత్త ఒత్తిడికి దిద్దు వెనక మర చర్మంలోకి గుచ్చుకుంటుంది. మొదటి ఐదు నిమిషాల్లో అది తెలియదు, కాసేపు ఓపిగ్గా ఉంచుకోవాలి.

ఫోనుకు నేరుగా తగిలించేవారు ఓమ్‌ల సంఖ్య, అంటే హెడ్‌ఫోను విద్యుత్తుకు ఇచ్చే అడ్డు, చూసుకోవాలి. 32 ప్రాంతంలో ఉంటే సాధారణంగా చిక్కు లేదు. 250 ఓమ్‌ల స్టూడియో రకాలకు చాలా ఫోన్ల బలం చాలదు. తీగ పొడవు కూడా ముఖ్యమే. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ వెనుక మూసిన రకమే, 47 ఓమ్‌లు, తేలిక. కానీ ఊడదీయరాని మూడు మీటర్ల తీగ కిక్కిరిసిన బస్సులో కాళ్లకు అడ్డం పడుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో రొదను బాగా ఆపుతుంది, గట్టిగానూ పట్టేస్తుంది. చాలా కొత్త ఫోన్లకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రమే లేదు కనుక అడాప్టర్ ఖర్చునూ కలుపుకోవాలి.

మా కడప ఎండల్లో మెత్తల కింద చెమట తప్పదు. కృత్రిమ తోలు పొరలుగా ఊడుతుంది. విడి మెత్తలు దొరికే రకాన్నే తీసుకోవడం మంచిది. బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు వీటిని పెట్టుకోనే కూడదు.

దుకాణదారులు ప్రతి రకంలో ఒకటైనా పెట్టె తెరిచి ఉంచి, తలకు పెట్టుకుని చూడనివ్వాలి. మీ పత్రికలో సమీక్షలు రాసేవారు బరువు, మెత్తల లభ్యత తప్పక తెలపాలి. నిశ్శబ్దమైన గదిలో విన్నంతతో సరిపెట్టక, నడుస్తున్న బస్సులోనూ విని రాయాలని కోరుతున్నాను.

– ఒక ఉద్యోగిని, కడప