ఆ ఆదివారం గెలిచింది డ్యాక్ కాదు, వాల్యూమ్

నమస్తే అండీ.

గత నెల రెండో ఆదివారం మన షాపులో పెట్టిన లిజనింగ్ సెషన్ గురించి ఒక మాట చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ రోజు పదకొండు మంది వచ్చారు. నేను మూడు మెషీన్లు పెట్టాను. ఒకటి ఫిలిప్స్ టీడీఏ1541 చిప్ ఉన్న పాత సీడీ ప్లేయర్. రెండోది ఈఎస్ఎస్ కంపెనీ చిప్‌తో వచ్చిన కొత్త డ్యాక్. డ్యాక్ అంటే సీడీలో అంకెలుగా ఉన్న పాటని ఆంప్‌కి అందే సిగ్నల్‌గా మార్చేది. ప్లేయర్ లోపలా ఉంటుంది, ఇలా విడి డబ్బాగానూ దొరుకుతుంది. మూడోది చిప్పు బదులు వరసగా పేర్చిన రెసిస్టర్లతో పనిచేసే ఆర్‌టూఆర్ డ్యాక్. ఆంప్లిఫయర్ ఒకటే, స్పీకర్లు ఒకటే, సీడీలూ అవే. ఎనిమిది మంది ఆర్‌టూఆర్‌కే ఓటేశారు. "గొంతులో ప్రాణం ఉంది" అన్నారొకరు. "మ్యూజికల్ అంటే ఇదండీ" అన్నారు ఇంకొకరు. ఆ వారంలోనే నాలుగు పీసులు అమ్ముడుపోయాయి. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పి మరీ సంబరపడ్డాను.

పది రోజుల తర్వాత మా టెక్నీషియన్ ఏదో రిపేరు చూస్తూ, మాటవరసకి అడిగాడు. "అన్నా, ఆ రోజు లెవెల్స్ కలిపావా?"

వాల్యూమ్ నాబ్ ముట్టుకోలేదు కాబట్టి అన్నీ ఒకే సౌండ్‌లో ఉన్నాయనే నా ధీమా. తను టెస్ట్ సీడీలోంచి వెయ్యి హెర్ట్జ్ టోన్ పెట్టి, ఒక్కో మెషీన్ వెనక సాకెట్లో మల్టీమీటర్ ఆనించాడు. సీడీ ప్లేయర్ 2 వోల్టులు. ఈఎస్ఎస్ డ్యాక్ కూడా 2. ఆర్‌టూఆర్ మాత్రం 2.5.

అర వోల్టే కదా అనిపిస్తుంది. లెక్క కడితే దాదాపు 2 డెసిబెళ్లు. మాటల మధ్య మెషీన్లు మారుస్తూ వింటున్నప్పుడు ఇంత తేడా 'సౌండ్ పెరిగింది' అన్నట్టు తెలియదు. 'ఇది బావుంది' అన్నట్టు తెలుస్తుంది. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవి ముందు బేస్‌ని వదిలేస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. అదే కాస్త పెంచితే మృదంగం తొప్పికి, అంటే ఎడమ చేతి వైపుకి, బరువొస్తుంది, పాట మధ్యలో గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. ప్రాణం ఉందన్నారే, అందులో సగం ఆ అర వోల్టుదే.

ఈ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. ఇరవై ఏళ్లుగా ఇదే వ్యాపారం. కానీ ఆ రోజు కుర్చీలు సర్దడం, చాయ్, ఉస్మానియా బిస్కెట్ల హడావిడిలో మీటరు బయటికి తీయలేదు. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. మూడింటిలో నాకు ఎక్కువ మిగిలేది ఆర్‌టూఆర్ మీదే. గెలవాల్సిందే గెలిచిందనిపించినప్పుడు ఎవరికీ మీటరు గుర్తుకు రాదు.

పోయిన ఆదివారం వీలున్న ఆరుగురిని మళ్లీ పిలిచాను. ఆర్‌టూఆర్‌ని కంప్యూటర్లోనే 2 డెసిబెళ్లు తగ్గిద్దామంటే, డిజిటల్‌లో తగ్గిస్తే బిట్లు పోతాయని ఒకరు ఒప్పుకోలేదు. సరే అని ఆంప్‌కి ముందుండే ప్రీ ఆంప్‌లో ఆ ఇన్‌పుట్ ఒక్కదాన్నే తగ్గించాం. పరదా కట్టి, వెనక మా బావమరిదిని కూర్చోబెట్టాను. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఈఎస్ఎస్, బొరుసు పడితే ఆర్‌టూఆర్. ముందు రెండూ పేరు చెప్పి వినిపించాం. ఆ తర్వాత ఒక్కొక్కరికి పదేసి సార్లు.

నలుగురికి పదింట అయిదో ఆరో కలిశాయి. కళ్లు మూసుకుని చెప్పినా అన్నే కలుస్తాయి. మొదటి సెషన్లో ఆర్‌టూఆర్ కోసం గట్టిగా వాదించినాయన కూడా ఈ నలుగురిలో ఉన్నారు. నవ్వేసి, ఇంకో చాయ్ అడిగారు.

మిగిలిన ఇద్దరే నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేశారు. ఒకరు వయొలిన్ నేర్పే టీచరుగారు, పదికి తొమ్మిది. ఇంకొకరు డబ్బింగ్ స్టూడియోలో రికార్డింగ్ చేసే కుర్రాడు, పదికి ఎనిమిది. అంటే తేడా ఉంది, వీళ్లకి వినిపించింది కూడా. కానీ ఏది బావుందని అడిగితే ఆవిడ ఆర్‌టూఆర్ అన్నారు, అతను ఈఎస్ఎస్ అన్నాడు. "కమాను గీత శబ్దం తగ్గి, స్వరం నిలబడిందండీ" అని ఆవిడ. "తంబురా మీద మెరుపు పోయింది సార్, ముసుగేసినట్టుంది" అని అతను.

ఇద్దరూ చెప్పింది ఒకే విషయం. మనం పెట్టిన ఆర్‌టూఆర్ ఓవర్‌శాంప్లింగ్ చేయని రకం. శాంపిల్ అంటే శబ్దాన్ని ఒక క్షణంలో కొలిచిన అంకె. ఓవర్‌శాంప్లింగ్ అంటే వాటి మధ్య మరికొన్ని లెక్కకట్టి చేర్చడం. సీడీలో సెకనుకి 44,100 చొప్పున ఉన్న శాంపిళ్లను ఎలా ఉన్నవాటిని అలాగే మెట్లు మెట్లుగా వదులుతుంది. అలా వదిలితే పై స్థాయి శబ్దాల బలం కొంచెం తగ్గుతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర ముప్పావు డెసిబెల్, 20,000 దగ్గర 3 డెసిబెళ్లు. కమాను గరుకూ, తంబురా మెరుపూ ఉండేది ఆ పై భాగంలోనే. రోజంతా పిల్లల అపస్వరాలు వినే ఆవిడకి ఆ గరుకు తగ్గితే హాయి. ఏ మూల ఏ చప్పుడు మిగిలిపోయిందో వెతకడమే ఉద్యోగమైన అతనికి అదే లోటు.

అసలు ఈ తగువు సీడీతోనే పుట్టింది. 1982 అక్టోబరులో సోనీ తన తొలి ప్లేయర్ సీడీపీ-101ని జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. దాంట్లో ఉన్నది 16 బిట్ల డ్యాక్. ఫిలిప్స్ దగ్గర అప్పటికి 14 బిట్లదే ఉంది కాబట్టి, శాంపిళ్లను నాలుగింతలు చేసి ఆ లోటు పూడ్చుకుంది. కాగితం మీద సోనీదే పైచేయి. ఫిలిప్స్ దానికంటే మెత్తగా ఉందనేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. సోనీలో కుడి ఎడమలకి కలిపి ఒకటే డ్యాక్ పెట్టారు. అందువల్ల సెకనుని పది లక్షల వంతులు చేస్తే, ఒక చానెల్ అందులో పదకొండు వంతులు ఆలస్యంగా వచ్చేది. దాన్ని పెద్ద లోపమన్నారు చాలామంది. ఆ కాస్త సమయంలో శబ్దం వెళ్లేది 4 మిల్లీమీటర్లు. సోఫాలో కాస్త పక్కకి వాలితే అంతకంటే ఎక్కువ తేడానే వస్తుంది.

సీడీ కంటే ఎక్కువ వివరంతో రికార్డయిన హై-రెస్ ఫైళ్ల కోసమే డ్యాక్ మార్చాలనుకునేవాళ్లకి ఒక లెక్క. మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో అచ్చువేసిన పరీక్షలో హై-రెస్ డిస్కులని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి కుదించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. రూపాయి బిళ్ల ఎగరేసినా దాదాపు అంతే. నన్నడిగితే ఘంటసాల పాటలకి మంచి ట్రాన్స్‌ఫర్ ఉన్న సీడీ, అంటే పాత రికార్డింగ్‌ని శ్రద్ధగా సీడీకి ఎక్కించినది, వెతుక్కోండి. డ్యాక్ మార్చినదానికంటే అక్కడే పెద్ద తేడా వినిపిస్తుంది.

మరి నా సొంత చెవి ఏమంటుందని అడుగుతారు. పాత ఫిలిప్స్ ప్లేయరే నాకిష్టం. ట్రే లోపలికి వెళ్లేటప్పుడు వచ్చే ఆ గరగర వినగానే పాట బావుంటుందని మనసు ముందే ఒప్పేసుకుంటుంది. దాన్ని పరదా వెనక పెట్టి గుర్తుపట్టే ధైర్యం ఇంకా చేయలేదు.

ఇక వ్యాపారం సంగతి. ఆ వారం ఆర్‌టూఆర్ కొన్న నలుగురూ ఈ నెలాఖరులోగా వెనక్కి తెస్తే పూర్తి డబ్బు ఇచ్చేస్తాను. డబ్బా పారేసినా పర్వాలేదు. ఒకరికి ఫోన్ చేసి విషయం చెబితే, "తెలిసే ఉంచుకుంటున్నాను, నాకు మెత్తగానే కావాలి" అన్నారు. సంతోషం. ధర చీటీల మీద 'మ్యూజికల్' అన్న మాట తీసేశాను. గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ బజారులో, మెషీన్లు చిటికెలో మార్చి వినడానికి ఒక స్విచ్ బాక్స్ చేయించాను. ఇకమీదట ఏ డెమో అయినా లెవెల్స్ కలిపాకే. మీటరు టేబుల్ మీదే ఉంటుంది, మీరే ఆనించి చూసుకోవచ్చు. ఆదివారం సెషన్‌కి ఒక్కోసారి నలుగురికే చోటు, ముందుగా ఫోన్ చేయండి. మీకు బాగా తెలిసిన సీడీ ఒకటి వెంట తెచ్చుకోండి.

డ్యాక్ వెనక్కి తెచ్చేవాళ్లు అడాప్టర్ మర్చిపోకండి. విడిగా దొరకడం లేదు.