కవర్లు పారేయకండి: కోల్మార్ ఉత్తరాల సాక్షిగా జర్మనీ సంస్కృతి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

జర్మనీ సమాఖ్య సంస్కృతి, మీడియా వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారం. జర్మన్ యూదు కవయిత్రి గెర్ట్రూడ్ కోల్మార్ రాసిన ఉత్తరాల్లో మనకు దక్కిన ఆఖరుది 1943 ఫిబ్రవరి 20, 21 తేదీల్లో చెల్లెలు హిల్డేకు రాసింది. వారం తిరక్కుండానే, ఫిబ్రవరి 27న, బెర్లిన్ ఫ్యాక్టరీల్లో వెట్టిచాకిరి చేస్తున్న యూదులను నాజీలు ఎక్కడివాళ్లను అక్కడే పట్టుకున్నారు. వాళ్లలో ఆమె ఒకరు. మార్చి 2న ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి రైలెక్కించారు. 1938లో వచ్చిన ఆమె కవితా సంపుటిని ఆ ఏడాది నవంబరులో యూదుల మీద జరిగిన దాడుల తర్వాత గుజ్జు చేసేశారు. హీబ్రూ నేర్చుకుని ఆ భాషలో కవితలు కూడా రాశారని ఉత్తరాలు చెబుతున్నాయి. ఆ కవితలు మాత్రం దొరకలేదు. స్విట్జర్లాండ్ చేరిన హిల్డే దాచిపెట్టడం వల్ల ఆ ఉత్తరాలు నిలిచాయి. ఇప్పుడు మార్బాఖ్‌లోని జర్మన్ సాహిత్య ఆర్కైవ్‌లో ఉన్నాయి.

అలాంటి భాగ్యానికి నోచుకోని కట్టలు ఇంకా ఎన్నో దేశాల్లో, ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. మా విన్నపం వాటి గురించే. మీ శాఖ ఇచ్చే ప్రతి గ్రాంటుకూ ఒక షరతు పెట్టండి: ఉత్తరమంటే అందులోని మాటలే కాదు, కవరుతో సహా ఆ కాగితమంతా.

జర్మనీ నుంచి విదేశానికి వెళ్లిన ఒక యుద్ధకాలపు కవరు చేతిలోకి తీసుకుని చూడండి. ఒక పక్క అంచు కోసి, సైనిక సెన్సారు వాళ్ల పట్టీ అంటించి ఉంటుంది. దాని మీద గద్ద ముద్ర, 'తెరవబడినది' అనే మాట. వెనక పంపినవారి పేరు మధ్యలో 'సారా' కనిపిస్తే, అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. 1939 జనవరి 1 నుంచి యూదు స్త్రీలకు చట్టం అంటగట్టింది. ఉత్తరంలో ఒక సంగతి ఎందుకు డొంకతిరుగుడుగా చెప్పారో ఆ పట్టీని చూస్తే అర్థమవుతుంది. కవరు పారేసి ఉత్తరాన్ని టైపు చేసి పెట్టుకుంటే ఈ సాక్ష్యమంతా పోయినట్టే.

నష్టం ఎక్కువగా మంచి ఉద్దేశంతో చేసే పనుల వల్లే జరుగుతుంది. చిరిగినచోట సెలోటేపు వేస్తారు. దాని జిగురు కాగితంలోకి ఇంకి పచ్చబడుతుంది, తర్వాత తీయడం కష్టం. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు దింపుతాయి. యుద్ధకాలపు చెక్కగుజ్జు కాగితం తనలోని ఆమ్లంతోనే పెళుసెక్కుతుంది. అలాగని కట్ట మొత్తాన్నీ ఆమ్లం తీసే యంత్రానికి పంపకూడదు. కాపీయింగ్ పెన్సిల్ (రంగు కలిపిన పెన్సిల్) రాత తడి తగలగానే ఊదాగా పాకుతుంది, ముద్రల సిరా కొన్ని ద్రావకాల్లో కరుగుతుంది. ప్రతి సిరానూ ఒక మూల చుక్క వేసి పరీక్షించాకే నిర్ణయించాలి. ఈ పనికి సమయం పడుతుంది, గ్రాంటు లెక్కలో దానికి చోటుండాలి.

స్కానింగ్‌కు 400 డీపీఐ, రంగుల్లో, రెండు వైపులా, ఖాళీ పేజీలతో సహా, రంగుల కొలపట్టీ పక్కన పెట్టి, టిఫ్ ఫైళ్లుగా. పల్చటి కాగితం కింద నల్ల అట్ట పెడితే అవతలి వైపు రాత ఇటు కనబడడం తగ్గుతుంది. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో రాసినవైతే 'e', 'n' అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. యంత్రం చదివిన పాఠాన్ని ఆ లిపి తెలిసిన మనిషి సరిచూడాల్సిందే.

హక్కుల సంగతి కుటుంబాలకు ముందే చెప్పాలి. కాగితం అందుకున్నవారిది, రచన హక్కు రాసినవారిది. అది మరణించిన ఏడాది తర్వాత 70 ఏళ్లు ఉంటుంది. కోల్మార్ విషయంలో 2013తో ముగిసింది. జవాబులు రాసిన బంధువుల హక్కు మాత్రం ఇంకా ఉండొచ్చు.

చివరిగా ఒకటి. శిబిరాలకు తరలించే ముందు బెర్లిన్ యూదుల చేత 16 పేజీల ఆస్తి ఫారం నింపించేవారు. ఆ ఆర్థిక శాఖ ఫైళ్లు పాట్స్‌డామ్‌లోని బ్రాండెన్‌బర్గ్ రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. అలమారాలు, కుర్చీలు లెక్కగట్టిన ఆ ఫారాన్నీ, అదే ఇంటి బల్ల మీద రాసిన ఉత్తరాన్నీ ఒకే జాబితాలో వెతికే వీలు కల్పించండి. రెండు ఆర్కైవుల మధ్య ఆ ఏర్పాటు మీ శాఖ పూనుకుంటేనే అవుతుంది.

ఇట్లు,
పాత పత్రాల పరిరక్షణ పని తెలిసిన తెలుగువారు