శబ్దం చేస్తున్న మోటార్ల విషయమై మా మిల్లు ఖాతాదారులకు

మిర్యాలగూడ పరిసరాల రైస్ మిల్లుల యజమానులకు నమస్కారం. మా షాపులో రివైండింగ్ చేసిన కొన్ని బ్లోయర్, పాలిషర్ మోటార్లు సీజను సగం కాకముందే కూత పెడుతున్నాయని మీలో పలువురు చెప్పారు. కారణం తేలింది. వాటిలో వేసిన బేరింగులు, డబ్బా మీదా రింగు మీదా ముద్రించి ఉన్న రకానివి కావు.

విప్పిన 6308 సైజు (40 మిల్లీమీటర్ల షాఫ్టుకు ఎక్కేవి) బేరింగులన్నింటిలో ఒకే గుర్తు కనిపించింది. రోటరు, అంటే మోటారులో తిరిగే భాగం బరువు, బెల్టు లాగుడు కలిసి ఒక వైపుకే పనిచేస్తాయి కనుక బయటి రింగు గాడిలో గోళీల జాడ ఆ వైపునే పడాలి. ఇక్కడ అది చుట్టూ పూర్తి వలయంగా పడింది, గ్రీజు నల్లబడి గట్టిపడింది. గోళీలకు ఆడే చోటు లేకపోతేనే ఇలా జరుగుతుంది. షాఫ్టు మీద బిగుతుగా ఎక్కినప్పుడు కొంత సందు పోతుంది, మోటారు నడిచేటప్పుడు లోపలి రింగు ఎక్కువ వేడెక్కి వ్యాకోచించడంతో మరికొంత పోతుంది. అందుకే మామూలు దానికన్నా ఎక్కువ సందు ఉండే సీ3 రకమే మేము అడుగుతాము. 40 మిల్లీమీటర్ల షాఫ్టు బేరింగుకు సీ3లో 15 నుంచి 33 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందు ఉండాలి. అదే సరుకులో మిగిలిన కొత్త వాటిని డయల్ గేజితో కొలిస్తే ఏ ఒక్కటీ 10 దాటలేదు. షాపులో లోడు లేకుండా తిప్పినప్పుడు ఇవి చప్పుడు చేయవు, మిల్లులో లోడు పడి మోటారు కాగాకే కూత మొదలవుతుంది.

ఈ బేరింగులు అమ్మిన డీలరు ఇచ్చిన జవాబు మాత్రం నాకు మింగుడుపడలేదు. మా మెకానిక్కులు సుత్తితో కొట్టి ఎక్కించారని ఆయన అన్నారు. అలా కొడితే గాడిలో గోళీల ఎడం ప్రకారం గుంటలు పడతాయి. విప్పిన వాటిలో ఒక్క గుంట లేదు. మా షాపులో బేరింగును హీటరు మీద వేడి చేసి షాఫ్టు మీదికి జారవిడుస్తారని మీరు కళ్లారా చూసినవారే. పాత బాకీలో తగ్గింపు ఇస్తాను, ఇంతటితో వదిలేయండి అని డీలరు అన్నారు. నా పనివాళ్ల చేతిపనిని అన్నేసి మాటలన్న చోట తగ్గింపు తీసుకోను, ఇక గుండుసూది కూడా కొనను.

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న, ఇంకా శబ్దం చేయని మోటార్ల సంగతి. యాసంగి ధాన్యం కుప్పలుగా ఉండగా నడుస్తున్న మిల్లును ఆపమనడానికి నోరు రాదు. ఆపకపోతే బేరింగు పట్టేసి, రోటరు తన చుట్టూ ఉండే కదలని భాగమైన స్టేటరుకు రాసుకుని, వైండింగే కాలిపోవచ్చు. చివరికి ఆ సరుకు పడిన ప్రతి మోటారునూ, శబ్దం ఉన్నా లేకున్నా, మా ఖర్చుతోనే విప్పి బేరింగులు మార్చాలని నిశ్చయించాను. మిల్లు ఆగే వేళ మీరు చెప్పండి, రాత్రయినా మా వాళ్లు వస్తారు. తీసిన బేరింగును మీ ఎదుటే కోసి గాడి చూపిస్తాము.

అప్పటివరకు కూత పెట్టే మోటారుకు దయచేసి అదనంగా గ్రీజు ఎక్కించకండి, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. బేరింగు మూత మీద చేయి ఆనలేనంత కాగితే మాత్రం మోటారు ఆపి వెంటనే ఫోన్ చేయండి.