ఊరి లెక్క కాదు, ఇంటి లెక్క కావాలి

సంపాదకుడు గారికి,

పేద దేశాలకు విద్యుత్తు అందించడంపై గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి 2030 నాటికి ఆఫ్రికాలో 30 కోట్ల మందికి కరెంటు ఇవ్వాలని తలపెట్టడం మెచ్చుకోదగినదే. అయితే మన దేశం ఆ పని ఎప్పుడో పూర్తి చేసిందని, ఇక ఇతరులకు నేర్పడమే మిగిలిందని వ్యాసకర్త తేల్చేయడం చూశాక ఊరుకోలేకపోయాను.

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌కు లైను చేరడంతో దేశంలో కరెంటు లేని ఊరే లేదని కేంద్రం ప్రకటించింది. ప్రభుత్వ లెక్కలో బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లకు కరెంటు వచ్చి, నూటికి పది ఇళ్లకు కనెక్షన్ ఉంటే చాలు, మిగతా తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా అది వెలుగు వచ్చిన ఊరే. ప్రతి ఇంటికీ కనెక్షన్ ఇచ్చే కేంద్ర పథకం సౌభాగ్యతో ఇంటింటి లెక్క మొదలైన మాట నిజమే కానీ, మా ములుగు జిల్లాలోని తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల లోపలి గూడేలలో కొన్నింటికి నేటికీ లైను లేదు. రామగుండం కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ పోతుంది, చెల్పూరులో మరో విద్యుత్ కేంద్రం ఉంది, వాటికి బొగ్గు తవ్వేదీ ఈ ప్రాంతంలోనే. అయినా ఈ ఇళ్లకు దీపం లేదు.

అలాంటి ఒక గూడెంలో ఎప్పుడో ఇచ్చిన సోలార్ ప్లేటు గుడిసె మీద మట్టి కొట్టుకొని ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది, బాగుచేసే దిక్కు లేక ఆ ఇంటావిడ దాని పెట్టెలో మిరప విత్తనాలు దాచుకుంది. సెల్‌ఫోను చార్జింగుకు రోడ్డు మీది ఊరిలో దుకాణదారుకు డబ్బులివ్వాలి. గిర్ని లేదు కాబట్టి వడ్లు దంచే పని ఆడవాళ్ల రెక్కల మీదే పడింది. నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమన్న రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం మీటరున్న ఇంటికే కదా!

అడిగితే అటవీ అనుమతి రాలేదని విద్యుత్ అధికారులు, తమకు దరఖాస్తే అందలేదని అటవీ అధికారులు చెబుతారు. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు భూమిలో, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా కరెంటు లైను వేసుకోవచ్చని 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. ఆ సభ పెట్టించే తీరిక ఎవరికీ లేదు. ఆ గూడేలవాళ్లు వలస వచ్చినవారు కదా అని మరొకరు అంటారు. అక్కడి పిల్లలు పుట్టింది ఈ నేల మీదే.

రోజుకు నాలుగు గంటల దీపం, ఫోను చార్జింగు అయితే అది ప్రపంచ బ్యాంకు కొలతలో మొదటి అంచె మాత్రమే. అన్నిటికన్నా పైదైన ఐదో అంచెకు రోజుకు 23 గంటల సరఫరా కావాలి. పేదరికం తగ్గాలంటే ఆ కరెంటుతో గిర్ని తిరగాలి, కుట్టుమిషన్ నడవాలి, చేనుకు నీళ్లు పారాలి. కనుక ఏ గూడెంలో ఎన్ని ఇళ్లకు, రోజుకు ఎన్ని గంటలు కరెంటు ఉంటున్నదో మండలాలవారీగా అధికారులు ప్రకటించాలి. మీ విలేకరులు కూడా ఆ జాబితా పట్టుకొని గూడేలకు వెళ్లి సరిచూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ములుగు