ఇనుములో వడ్రంగం

ప్రియ మిత్రమా,

మొన్న శనివారం అమ్మనూ పిల్లలనూ వెంటబెట్టుకుని ఐరన్‌బ్రిడ్జ్ అనే ఊరికి వెళ్లివచ్చాము. అప్పటి నుండి నీకూ, మరీ ముఖ్యంగా వడ్రంగం తెలిసిన మీ నాన్నగారికీ, ఆ సంగతులు చెప్పాలని నా మనసు తహతహలాడుతోంది. మేముండే బర్మింగ్‌హామ్ నుండి కారులో గంట ప్రయాణం. సెవెర్న్ నది ఒడ్డున, ఏటవాలు కొండకు అంటిపెట్టుకుని ఉన్న చిన్న ఊరు అది. రాజమండ్రిలో గోదావరిని చూస్తూ బతికిన అమ్మ, "ఇదేమిటిరా, మన కాలువంత కూడా లేదు!" అన్నది. బ్రిటన్‌లో కెల్లా పొడవైన నది ఇదేనని చెప్పినా నమ్మలేదు.

అయితే వంతెన దగ్గరకు రాగానే ఆమె కూడా మాట మరచి నిలబడిపోయింది. పోత ఇనుముతో, అంటే కరిగించి అచ్చుల్లో పోసిన ఇనుముతో, ప్రపంచంలో కట్టిన మొదటి పెద్ద వంతెన అది. 1779లో నిలబెట్టి, 1781 నూతన సంవత్సరం రోజున రాకపోకలకు తెరిచారు. నదిలో సరుకుల పడవలు ఎడతెగక తిరిగేవి కనుక, నడుమ స్తంభమన్నదే లేకుండా వంద అడుగుల పైచిలుకు ఒకే కమానుగా దాటించారు.

నిన్ను గుర్తుచేసింది మాత్రం దాని అతుకులు. అప్పటికి అంత పెద్ద కట్టడాన్ని ఇనుముతో కట్టిన అనుభవం ఎవరికీ లేకపోవడంతో, చెక్కకు చేసినట్లే ఒక ముక్క కొసన కుసులూ, అవి దూరేందుకు మరో ముక్కలో బెజ్జాలూ అమర్చి, చీలలు బిగించి, దాదాపు 1,700 ముక్కలను ఒకటిగా కూర్చారు. నమూనా గీసిన థామస్ ప్రిచర్డ్ వడ్రంగి కొడుకు, తానూ ఆ పని నేర్చినవాడే. పాపం, వంతెన లేవకముందే, 1777లో కన్నుమూశాడు. ఇనుము పోయించిన మూడవ అబ్రహాం డార్బీ ఖర్చు అంచనాలు మించిపోయి, చివరిదాకా అప్పుల్లోనే ఉన్నాడు. ఆ ఇద్దరి గురించీ పెద్దమ్మాయికి చెబుతుంటే నా గొంతు కాస్త బరువెక్కింది.

వంతెన చివర సుంకం గది గోడమీద పాత ధరల పట్టిక ఇంకా ఉంది. సైనికులే కాదు, రాజకుటుంబం వారైనా సరే సుంకం కట్టవలసిందేనని దానిమీద రాసి ఉన్నది చదివి పిల్లలు ఎంతో సంబరపడ్డారు.

మధ్యాహ్నం తెచ్చుకున్న పులిహోరను ఒడ్డున కూర్చుని తిన్నాము. కమాను కిందికి వెళ్లి అతుకులను దగ్గరగా ఫోటోలు తీశాను. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని తీరికగా చూసి, ఏ అతుకును మన పనివాళ్లు ఏమని పిలుస్తారో చెబితే, నీవు తప్పక రాసి పంపు.

నీ
ప్రాణ స్నేహితుడు